కింది దవడకు ఇంప్లాంట్ పళ్ళు: రెండా, నాలుగా, ఆరా?

సంక్షిప్తంగా: కింది పళ్ళన్నీ పోయినవారికి మామూలు కట్టుడు పళ్ళ సెట్టు నిలవకపోవడానికి కారణం చాలావరకు కింది దవడ నిర్మాణంలోనే ఉంది. దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే టైటానియం స్క్రూలు) వేసి, తీసి పెట్టుకునే సెట్టును వాటికి తగిలిస్తే ఆ ఇబ్బందిలో పెద్ద భాగం తీరుతుంది. నాలుగు నుంచి ఆరు ఇంప్లాంట్ల మీద స్థిరంగా బిగించే పళ్ళు సహజమైన పళ్ళకు మరింత దగ్గరగా ఉంటాయి గాని, ఖర్చునూ శుభ్రత భారాన్నీ పెంచుతాయి. మిగిలిన ఎముక, రోగి ఆరోగ్యం, చేతుల పట్టు, ఏళ్ళ తరబడి దంతవైద్యుని దగ్గరకు వెళ్ళగల వీలు చూసుకున్న తరువాతే ఇంప్లాంట్ల సంఖ్యను నిర్ణయించాలి.

హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో దంత వైద్యశాలల ప్రకటనలలో ఇప్పుడు అంకెలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. నాలుగు ఇంప్లాంట్లతో మొత్తం పళ్ళు అని ఒకచోట, ఆరింటితో అని మరొకచోట, ఒక్క రోజులోనే అని ఇంకొకచోట రాసి ఉంటుంది. మరోవైపు, చేయించుకున్న కింది సెట్టును పెళ్ళిళ్ళకూ ఫొటోలకూ మాత్రమే పెట్టుకుని, కంచం ముందు కూర్చోగానే తీసి పక్కన పెట్టే పెద్దవారు చాలా కుటుంబాల్లో ఉన్నారు. పై సెట్టుతో సర్దుకుపోయినవారు కూడా కింది సెట్టు దగ్గరకు వచ్చేసరికి ఓడిపోతారు. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే, ప్రకటనల్లోని అంకెలు ఏ మేరకు అవసరమో అంచనా వేయడం సులభమవుతుంది.

కింది సెట్టు ఎందుకు నిలవదు

పై సెట్టు అంగిలినంతా కప్పుతుంది. దానికీ అంగిలికీ మధ్య పలుచని లాలాజలపు పొర ఏర్పడి, అంచుల దగ్గర గాలి చొరబడకుండా ఉంటే, తడి గాజు పలక మీద మరో పలక అతుక్కున్నట్టు సెట్టు పట్టుకుంటుంది. కింది దవడలో అంగిలి వంటి విశాలమైన తావు లేదు. నాలుక కోసం మధ్య భాగం వదిలేయాలి కనుక కింది సెట్టు గుర్రపు నాడా ఆకారంలో సన్నగా మిగులుతుంది. పై సెట్టుకు ఆనడానికి సగటున 23 చదరపు సెంటీమీటర్ల చిగురు దొరికితే, కింది సెట్టుకు దొరికేది సుమారు 12 మాత్రమే. నమిలే బలమంతా ఆ సగం తావు మీదే పడుతుంది. దానికి తోడు, మాట్లాడినప్పుడల్లా, మింగినప్పుడల్లా నాలుక ఒకవైపు నుంచి, బుగ్గల కండరాలు మరోవైపు నుంచి సెట్టును లేపుతూనే ఉంటాయి.

రెండో కారణం కాలంతో పాటు ముదురుతుంది. సహజమైన పన్ను వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని నారలుంటాయి. నమిలిన ప్రతిసారీ ఆ నారలు ఎముకను లాగుతాయి, ఆ లాగుడే ఎముకను బతికించి ఉంచే సంకేతం. పన్ను తీసేయగానే ఆ సంకేతం ఆగిపోతుంది, పళ్ళను పట్టి ఉంచిన గట్టు కరగడం మొదలవుతుంది. గట్టు మీద పెట్టిన సెట్టు లాగడానికి బదులు నొక్కుతుంది కనుక కరుగుదల మరింత సాగుతుంది. మొదటి ఏడాదిలో ఇది వేగంగా ఉంటుంది, తరువాత నెమ్మదిస్తుంది గాని ఆగదు. పూర్తి సెట్లు వాడేవారిని 25 ఏళ్ళ పాటు గమనించి టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లో ప్రచురించిన అధ్యయనంలో, కింది దవడ ముందు గట్టు పై దవడ గట్టు కన్నా సుమారు 4 రెట్లు ఎక్కువగా తగ్గినట్టు తేలింది. అంటే తక్కువ ఆధారంతో మొదలైన దవడే ఎక్కువ ఆధారాన్ని కోల్పోతోంది.

ఈ కరుగుదల ముదిరినవారిలో మరో బాధ తలెత్తుతుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలి గొట్టంలో ప్రయాణించి, చిన్న దవడ పళ్ళ వేర్ల సమీపాన ఒక రంధ్రం గుండా బయటికి వస్తుంది. పళ్ళున్నప్పుడు ఆ రంధ్రం గట్టు పైభాగానికి చాలా దిగువన ఉంటుంది. గట్టు కరిగిపోయేకొద్దీ నరం పైకి తేలినట్టయి, సెట్టు దాని మీదే కూర్చుంటుంది. అన్నం నములుతుంటే కరెంటు తగిలినట్టు చురుక్కుమంటోందని చెప్పేవారిలో చాలామంది సమస్య ఇదే. దీన్ని సెట్టు చేసిన వైద్యుని నిర్లక్ష్యంగానో, రోగి ఓర్పులేమిగానో చూడడం పొరపాటు. సహజమైన పళ్ళున్నవారి కొరుకు బలంలో పూర్తి సెట్లు వాడేవారికి మిగిలేది సుమారు నాలుగో వంతు, కొందరికి అంతకన్నా తక్కువ. జొన్న రొట్టె, సకినాలు, పచ్చి కాయగూరలు మానేసి మెత్తగా ఉడికిన అన్నానికీ జావకూ పరిమితం కావడం వెనుక ఈ లెక్క ఉంది.

ఎముకకు టైటానియం ఎలా అతుకుతుంది

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. ఇది పన్ను వేరుకు బదులుగా పనిచేస్తుంది. దీని చరిత్ర దంతవైద్యంలో మొదలు కాలేదు. స్వీడన్‌కు చెందిన వైద్య పరిశోధకుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950ల తొలినాళ్ళలో లుండ్ నగరంలో, ఎముక మజ్జలో రక్తప్రసరణను చూడడానికి కుందేళ్ళ కాలి ఎముకలో చిన్న టైటానియం పరికరాలను అమర్చాడు. ప్రయోగం ముగిశాక వాటిని తీయబోతే ఊడి రాలేదు, ఎముక లోహాన్ని పట్టేసుకుంది. ఆ పరిణామానికే తరువాత ఆసియోఇంటిగ్రేషన్ అనే పేరు స్థిరపడింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఈ స్క్రూలు వేశారు. పుట్టుకతోనే దవడ లోపాలున్న ఆ రోగికి వేసినది కింది దవడలోనే, అవి ఆయన జీవితాంతం, 40 ఏళ్ళకు పైగా పనిచేశాయి. అయినా వైద్యలోకం దీన్ని వెంటనే నమ్మలేదు. 1981లో వెలువడిన 15 ఏళ్ళ ఫలితాలు, 1982లో టొరంటోలో జరిగిన సదస్సు ఆ సందేహాలను చాలావరకు తొలగించాయి. ఆ 15 ఏళ్ళ అధ్యయనంలో పై దవడలో 81 శాతం, కింది దవడలో 91 శాతం ఇంప్లాంట్లు స్థిరంగా నిలిచాయి. తరువాత స్క్రూల ఉపరితలం మెరుగుపడడంతో ఫలితాలు ఇంకా పెరిగాయి.

కింది దవడ ముందు భాగం ఇందులో ప్రత్యేకం. సెట్టుకు అతి తక్కువ సహకరించే ఆ దవడలోనే ఇంప్లాంట్‌కు అతి అనుకూలమైన ఎముక ఉంది. రెండు వైపుల నరపు రంధ్రాల మధ్య, అంటే గడ్డం పైభాగంలో, ఎముక దట్టంగా ఉంటుంది. గట్టు బాగా కరిగినవారిలో కూడా అక్కడ ఇంప్లాంట్‌కు సరిపడా ఎముక తరచూ మిగిలే ఉంటుంది, నరం తగిలే భయమూ తక్కువ. ఈ చికిత్సలో ఇన్ని పద్ధతులు ఆ చిన్న తావు చుట్టూనే పుట్టుకురావడానికి కారణం అదే.

అతుకుడు జరిగే తీరు తెలియకపోతే ‘ఎన్ని రోజులు ఆగాలి’ అనే ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. స్క్రూను బిగించిన రోజున దాన్ని నిలిపేది మరలు ఎముకలో కొరుక్కున్న పట్టు మాత్రమే. తరువాతి వారాల్లో, డ్రిల్లుకు నలిగిన పాత ఎముకను శరీరం కరిగించి, దాని స్థానంలో కొత్త ఎముకను కడుతుంది. పాతది పోయి కొత్తది ఇంకా గట్టిపడని ఆ మధ్యకాలంలో, అంటే సుమారు మూడో, నాలుగో వారంలో, పట్టు మొదటి రోజు కన్నా తగ్గుతుంది. నొప్పి, వాపు అప్పటికే పోయి రోగికి అంతా బాగున్నట్టు అనిపించే సమయమూ అదే. అప్పుడు స్క్రూ మీద బలం పడి, అది మిల్లీమీటరులో పదో వంతుకు మించి కదులుతూ ఉంటే, ఎముకకు బదులు మెత్తని నారకణజాలం పుట్టి ఇంప్లాంట్ వదులైపోతుంది. డ్రిల్లు చేసేటప్పుడు ఎముక వేడెక్కడమూ ఇటువంటి హానే చేస్తుంది. 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక నిమిషం పాటు తగిలినా ఎముక కణాలు దెబ్బతింటాయని తెలిసినప్పటి నుంచి, చల్లని సెలైన్ ధార కింద నెమ్మదిగా డ్రిల్లు చేయడం నియమమైంది. దట్టమైన కింది దవడ ఎముకలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

రెండు ఇంప్లాంట్లు, తీసి పెట్టుకునే సెట్టు

కింది దవడలో కోర పళ్ళు ఉండవలసిన చోట్ల చెరో ఇంప్లాంట్ వేసి, వాటి తలల మీద చిన్న లోహపు గుబ్బలు బిగించి, సెట్టు అడుగున వాటికి సరిపడే గిన్నెలు అమర్చడం ఈ పద్ధతి. బట్టలకు కుట్టే ప్రెస్ బటన్ ఎలా పడుతుందో సెట్టు అలా టక్కున కూర్చుంటుంది. తీయాలంటే వేలితో లేపాలి. గుబ్బలకు బదులు పొట్టిగా ఉండే లొకేటర్లు వాడవచ్చు, లేదా రెండు ఇంప్లాంట్లను కలుపుతూ ఒక బార్ వేసి, సెట్టులోని క్లిప్పులను దానికి తగిలించవచ్చు.

ఇందులో బలం పంపిణీ ఎలా జరుగుతుందో గమనించాలి. సెట్టు ముందు భాగాన్ని ఇంప్లాంట్లు పట్టి ఉంచుతాయి, వెనుక భాగం మునుపటిలాగే చిగురు మీద ఆనుతుంది. వెనుక పళ్ళతో నమిలినప్పుడు సెట్టు ఆ రెండు బిందువులను కలిపే గీత మీద కొద్దిగా ఊగుతుంది. అందువల్ల పైకి లేచిపోయే బాధ తీరుతుంది గాని, వెనుక గట్టు మీద ఒత్తిడి పూర్తిగా పోదు, అక్కడి ఎముక కరుగుదలా ఆగదు. ఇంప్లాంట్లు ఉన్న ముందు భాగంలో మాత్రం ఎముక బాగా నిలుస్తుంది.

ఇంత సాధారణంగా కనిపించే ఈ పద్ధతికి గట్టి శాస్త్రీయ మద్దతు ఉంది. కెనడాలోని మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వేదికగా 2002లో సమావేశమైన నిపుణులు, పళ్ళన్నీ పోయిన కింది దవడకు మామూలు సెట్టు ఇకపై మొదటి ఎంపిక కాకూడదనీ, రెండు ఇంప్లాంట్ల మీద ఆనే సెట్టునే మొదటి ఎంపికగా పరిగణించాలనీ ప్రకటించారు. 2009లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో వెలువడిన ప్రకటన దాన్ని బలపరిచింది. డబ్బు లేనివారు సర్దుకుపోయే చౌక చికిత్సగా దీన్ని చూడడం సరికాదు. మామూలు సెట్టు నుంచి రెండు ఇంప్లాంట్లకు వచ్చేటప్పుడు కనిపించే మార్పుతో పోలిస్తే, రెండు నుంచి నాలుగుకు వెళ్ళినప్పుడు అదనంగా దక్కేది తక్కువ.

నాలుగు, అయిదు, ఆరు: బిగించే పళ్ళు

బ్రోనెమార్క్ బృందం మొదట అనుసరించిన పద్ధతిలో నరపు రంధ్రాల మధ్య అయిదారు ఇంప్లాంట్లు నిటారుగా వేసి, వాటి మీద పళ్ళ వరుసను స్క్రూలతో బిగించేవారు. రోగి దాన్ని తీయలేడు, దంతవైద్యుడు మాత్రమే విప్పగలడు. ఇంప్లాంట్లన్నీ ముందే ఉంటాయి కనుక వెనుక పళ్ళు ఆధారం లేకుండా బయటికి సాగి ఉండాలి. ఇంటి గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే సజ్జా ఎంత పొడుగుంటే దాని మొదట్లో అంత ఒత్తిడి పడినట్టు, ఈ సాగిన భాగం పొడుగు పెరిగేకొద్దీ చివరి ఇంప్లాంట్ మీదా స్క్రూ మీదా భారం పెరుగుతుంది.

పోర్చుగల్‌లోని లిస్బన్‌లో పాలో మాలో అనే దంతవైద్యుడు 1990ల చివర ఈ ఇబ్బందికి ఒక పరిష్కారం చూపాడు. ముందు రెండు ఇంప్లాంట్లను నిటారుగా ఉంచి, వెనుక రెండింటిని 45 డిగ్రీల వరకు వెనక్కి వాల్చితే, వాటి అడుగు నరానికి ముందే ఆగిపోయినా తల మాత్రం ఇంకా వెనుకకు తేలుతుంది. దాంతో ఆధారం ముందు నుంచి వెనుకకు విస్తరిస్తుంది, సజ్జా పొడుగు తగ్గుతుంది, అయిదారు అవసరమైన చోట నాలుగు సరిపోతాయి. ఆల్-ఆన్-4 అనే పేరుతో ప్రచారంలో ఉన్నది ఇదే. ఆ పేరు ఒక సంస్థ వ్యాపార చిహ్నం. కాబట్టి బోర్డు మీద ‘నాలుగు’ అన్నంత మాత్రాన లోపల జరిగేది మాలో పద్ధతేనని అనుకోకూడదు.

నాలుగు కన్నా ఆరు ఎప్పుడూ మేలన్న అభిప్రాయం ప్రజలలో బలంగా ఉంది. ఎముక, స్థలం అనుకూలించిన చోట ఒక ఇంప్లాంట్ పోయినా మిగిలినవి మోయగలవన్న లాభం నిజమే. అయితే కింది దవడకు ఒక ప్రత్యేక గుణం ఉంది. నోరు పెద్దగా తెరిచినప్పుడు కండరాల లాగుడుకు దవడ రెండు కొసలూ కొద్దిగా లోపలికి వంగుతాయి. ఆ వంగుడు మిల్లీమీటరులో కొన్ని వంతులే అయినా, ఎడమ వైపు చివరి నుంచి కుడి వైపు చివరి దాకా ఒకే గట్టి చట్రంతో బిగించేస్తే అది స్క్రూల మీదా ఎముక మీదా తిప్పుడు ఒత్తిడిగా పడుతుంది. వెనుక ఎముకలోనూ ఇంప్లాంట్లు వేసినప్పుడు చట్రాన్ని రెండు మూడు ముక్కలుగా చేయడం గురించి వైద్యులు ఆలోచించేది అందుకే.

బిగించే పళ్ళకు నిలువు స్థలం కూడా కావాలి. ఇంప్లాంట్ తల, లోహపు చట్రం, చిగురు రంగు యాక్రిలిక్, పళ్ళు అన్నీ ఒకదాని మీద ఒకటి ఇమడాలంటే సుమారు 15 మిల్లీమీటర్లు అవసరమవుతాయి. లొకేటర్ల మీద సెట్టుకు అందులో సగం కన్నా కొంచెం ఎక్కువ చాలు. అందువల్ల ఇటీవలే పళ్ళు తీయించుకుని గట్టు ఎత్తుగా ఉన్నవారికి, బిగించే పళ్ళు పెట్టడం కోసం మంచి ఎముకను కోసి ఎత్తు తగ్గించవలసి వస్తుంది. కోసిన ఎముక తిరిగి రాదు. ఈ సంగతి చికిత్సకు ముందే రోగికి తెలియడం చాలా అవసరం, కాని సంప్రదింపులలో ఇది తరచూ ప్రస్తావనకు రాదు.

చట్రం మీద వాడే పదార్థం విషయంలోనూ లాభనష్టాలున్నాయి. యాక్రిలిక్ పళ్ళు అరుగుతాయి, విరుగుతాయి, అయితే వాటిని బాగు చేయడం సులభం. జిర్కోనియా అనే పింగాణీ వంటి గట్టి పదార్థం అరగదు, మరక పట్టదు, కాని పగిలితే బాగు చేయడం కష్టం, ఖర్చూ ఎక్కువ.

బిగించినవే రోగులకు ఎక్కువ నచ్చుతాయా? మెక్‌గిల్ పరిశోధకులు 1990లలో కొందరు రోగులకు రెండు రకాలనూ కొన్ని నెలల చొప్పున వాడించి, ఏది ఉంచుకుంటారని అడిగారు. దాదాపు సగం మంది బిగించినవి కోరుకుంటే, దాదాపు సగం మంది తీసి పెట్టుకునేవాటినే ఎంచుకున్నారు. మొదటివారు నమిలే స్థిరత్వాన్ని చూశారు, రెండోవారు శుభ్రం చేసుకునే సౌలభ్యాన్ని చూశారు. ఒకే నోట్లో రెండూ అనుభవించినవారు ఇచ్చిన తీర్పు కనుక దీనికి బరువెక్కువ.

‘ఒక్క రోజులో’ అంటే ఏమిటి

ఇంప్లాంట్ వేసిన రోజునో, రెండు మూడు రోజుల్లోనో పళ్ళు బిగించడం సాధ్యమే. కింది దవడ ముందు భాగంలో ఎముక దట్టంగా ఉండడం ఇందుకు కలిసివస్తుంది. స్క్రూ బిగించేటప్పుడు కనీసం 35 న్యూటన్ సెంటీమీటర్ల బిగువు రావాలని వైద్యులు సాధారణంగా చూస్తారు, ఇంప్లాంట్లన్నిటినీ ఒకే చట్రంతో కలిపితే ఒక్కొక్కటీ విడిగా కదలకుండా ఉంటుంది. అయితే ఆ రోజు ఇచ్చేవి తాత్కాలికమైన పళ్ళు. చిగురు తగ్గి కుదురుకున్న తరువాత, సాధారణంగా మూడు నాలుగు నెలలకు, శాశ్వతమైనవి తయారవుతాయి. అప్పటిదాకా మెత్తని ఆహారమే తినాలి. పైన వివరించిన మూడో నాలుగో వారపు బలహీనత ఒక్క రోజులో పళ్ళు వచ్చినవారికీ వర్తిస్తుంది, వారికే ఎక్కువగా వర్తిస్తుంది.

అమెరికా నుంచో, గల్ఫ్ దేశాల నుంచో మూడు వారాల సెలవు మీద వచ్చి ఇక్కడ ఇంప్లాంట్లు వేయించుకునే తెలుగువారికి, అదే సెలవులో ఇక్కడి తల్లిదండ్రులకు వేయించి వెళ్ళిపోయేవారికి ఇది నేరుగా తగిలే విషయం. సెలవు ముగిసి విమానం ఎక్కే సమయానికి ఎముక తన అతి బలహీన దశలో ఉంటుంది. రెండు ప్రయాణాలుగా ప్రణాళిక వేసుకోవడం, మొదటిదానిలో ఇంప్లాంట్లు, నాలుగైదు నెలల తరువాతి దానిలో పళ్ళు అన్నట్టు విడదీయడం భద్రమైన దారి. వేసిన ఇంప్లాంట్ కంపెనీ పేరు, వ్యాసం, పొడవు, బ్యాచ్ సంఖ్య, సెట్టును పట్టి ఉంచే భాగం (అటాచ్‌మెంట్) రకం రాసిన కార్డును అడిగి తీసుకోవాలి. కంపెనీ మారితే స్క్రూడ్రైవర్ మారుతుంది. ఏ కంపెనీదో తెలియని స్క్రూ వదులైతే పరాయి దేశపు దంతవైద్యుడు దాన్ని బిగించడానికి కూడా తడుముకోవలసి వస్తుంది.

ముందుగా చూడవలసిన ఆరోగ్య విషయాలు

వయసు ఒక్కటే అడ్డంకి కాదు, ఎనభై ఏళ్ళవారికీ ఇంప్లాంట్లు అతుకుతాయి. మధుమేహం అదుపులో ఉన్నవారికి ఫలితాలు బాగానే ఉంటాయి, అదుపు తప్పితే గాయం మానడం మందగించి ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. కనుక గత మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష శస్త్రచికిత్సకు ముందు చేయిస్తారు. సిగరెట్, బీడీ, చుట్ట చిగురుకు రక్తప్రసరణను తగ్గించి ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశాన్ని పెంచుతాయి. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొసను నోటి లోపల పెట్టుకునే అడ్డచుట్ట అలవాటున్నవారిలో అంగిలి క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది కనుక, పళ్ళ సంగతి తరువాత, ముందు నోటి పరీక్ష జరగాలి. గుట్కా, వక్క నమిలే అలవాటు వల్ల నోటి లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోని స్థితి వచ్చినవారికి డ్రిల్లు పట్టే చోటే దొరకదు.

రోగులు చెప్పడం మరిచిపోయే మందులు కొన్ని ఉన్నాయి. బోలు ఎముకల వ్యాధికి వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికొకసారి చేయించుకునే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్, ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ ఎముక కరుగుదలను ఆపుతాయి. ఇంప్లాంట్ అతకడానికి పాత ఎముక కరిగి కొత్తది రావాలన్నది గుర్తుంటే ఇబ్బంది ఎక్కడుందో అర్థమవుతుంది. అరుదుగా, ముఖ్యంగా క్యాన్సర్ చికిత్సలో పెద్ద మోతాదులో వాడినవారికి, శస్త్రచికిత్స తరువాత దవడ ఎముక మానకుండా బయటపడి చచ్చుబడిపోవచ్చు. రోజూ వేసుకోని ఇటువంటి మందును చాలామంది ‘రోజూ వాడే మందుల’ జాబితాలో చెప్పరు, అందుకే విడిగా అడగడం, విడిగా చెప్పడం అవసరం. దవడకు రేడియేషన్ తీసుకున్నవారి విషయంలో క్యాన్సర్ వైద్యునితో మాట్లాడకుండా ముందుకు వెళ్ళకూడదు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు.

శస్త్రచికిత్సలో ప్రధానమైన ముప్పు నరానిదే. డ్రిల్లు నరాన్ని తాకితే కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కి నెలల పాటు, ఒక్కోసారి శాశ్వతంగా ఉండిపోతాయి. అరుదైనా ప్రాణాంతకమైన మరో ముప్పు ఉంది. దవడ లోపలి గోడకు రంధ్రం పడి నాలుక కింది రక్తనాళం తెగితే, రక్తం నోటి అడుగున నిండి నాలుకను పైకి నెట్టి శ్వాసను అడ్డగించవచ్చు. ఇంప్లాంట్ వేయించుకున్న రోజు నాలుక కింద వాపు పెరుగుతున్నట్టు అనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి చేరాలి. సాధారణ ఎక్స్‌రే దవడ ఎత్తును చూపుతుంది గాని మందాన్ని, లోపలి గోడ వంపును చూపదు. దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ కోరడం వెనుక ఉన్న ప్రధాన కారణం ఇది.

పళ్ళు వచ్చిన తరువాతి సంవత్సరాలు

ఇంప్లాంట్‌కు పిప్పి పట్టదు కాని చిగురు జబ్బు వస్తుంది. సహజమైన పన్ను చుట్టూ చిగురు నారలు వేరులోకి అడ్డంగా చొచ్చుకుని కోటగోడలా నిలుస్తాయి. ఇంప్లాంట్ చుట్టూ అవి పక్కనే సమాంతరంగా పడుకుంటాయి తప్ప లోహంలోకి చొరవు. అందువల్ల గార పేరుకుంటే మంట త్వరగా లోతుకు దిగి ఎముకను తినేస్తుంది. పెరీ-ఇంప్లాంటైటిస్ అనే ఈ జబ్బులో నొప్పి ఆలస్యంగా వస్తుంది. తోమినప్పుడు రక్తం రావడమే తొలి హెచ్చరిక.

తీసి పెట్టుకునే సెట్టు వాడేవారు దాన్ని చేతిలోకి తీసుకుని కడిగి, ఇంప్లాంట్ తలలను మెత్తని బ్రష్‌తో తోమితే సరిపోతుంది. రాత్రి సెట్టు తీసి నీళ్ళలో ఉంచాలి. సెట్టు అడుగున ఇంప్లాంట్ తలలను పట్టుకునే నైలాన్ ముక్కలు అరిగి పట్టు తగ్గుతుంది కనుక ఏడాదికో, అంతకన్నా ముందో మార్చవలసి వస్తుంది. వెనుక గట్టు తగ్గేకొద్దీ సెట్టు అడుగును కొత్తగా నింపాలి. బిగించిన పళ్ళకు పని వేరు. చట్రం కిందికి సన్నని బ్రష్, దారం, నీటి ధార పోనిచ్చి రోజూ శుభ్రం చేయాలి, దంతవైద్యుడు అప్పుడప్పుడు విప్పి శుభ్రపరచాలి. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర పోయినవారికీ, చూపు మందగించినవారికీ, మతిమరుపు మొదలైనవారికీ ఇది చిన్న పని కాదు. మంచం పట్టిన తరువాత వారి నోరు తోమేది కుటుంబసభ్యులు కనుక, చికిత్స ఎంచుకునేటప్పుడే వారిని కూడా ఆ గదిలో కూర్చోబెట్టడం మంచిది.

కింద బలం పెరిగితే దాని ప్రభావం పైన పడుతుంది. పై దవడకు మామూలు సెట్టే ఉన్నప్పుడు, కింది ముందు పళ్ళ గట్టి తాకిడికి పై దవడ ముందు ఎముక క్రమంగా కరిగి మెత్తబడవచ్చు. కింద ముందు పళ్ళు మాత్రమే మిగిలినవారిలో ఇటువంటి మార్పులను 1972లోనే కెల్లీ అనే దంతవైద్యుడు వివరించాడు. కింది ఇంప్లాంట్ల తరువాత పై సెట్టు వదులైందని వచ్చేవారిలో ఈ అంశాన్ని కూడా చూస్తారు.

ఖర్చును ఎలా చూడాలి

ఇంప్లాంట్ ఒక్కింటికి ఇంత అని చెప్పే ధరలో తరచూ స్క్రూ మాత్రమే ఉంటుంది. స్కాన్, అవసరమైతే ఎముక పని, ఇంప్లాంట్ తలకు బిగించే భాగాలు, తాత్కాలిక సెట్టు, చివరి పళ్ళు, ఆ తరువాతి సంవత్సరాల నైలాన్ ముక్కలు, విరిగిన పన్ను బాగు చేయడం అన్నీ కలిపి అడిగితేనే రెండు పద్ధతులను పోల్చగలం. ప్రమాదంలో దెబ్బతగిలితే తప్ప దంత చికిత్సను చాలా ఆరోగ్య బీమా పాలసీలు చెల్లించవు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో కృత్రిమ దంతాల విభాగాలున్నాయి, అక్కడ విచారించడం ఒక మార్గం. సమయం ఎక్కువ పట్టినా, మొదట నాణ్యంగా ఒక పూర్తి సెట్టు చేయించి కొన్ని వారాలు వాడి చూడడం వృథా కాదు. పళ్ళ స్థానం, దవడల ఎత్తు, పెదవికి కావలసిన ఆధారం అందులో తేలిపోతాయి, ఇంప్లాంట్ ఎక్కడ వేయాలో చూపించే నమూనాగా ఆ సెట్టే పనికొస్తుంది.

నిర్ణయాన్ని విడతలుగా తీసుకునే వీలు కూడా ఉంది. నరపు రంధ్రాల మధ్య ఉన్న తావును అయిదు స్థానాలుగా ఊహించుకుని, రెండో, నాలుగో స్థానాల్లో మాత్రమే ఇప్పుడు ఇంప్లాంట్లు వేస్తే, మధ్యలోనూ రెండు చివరలలోనూ చోటు ఖాళీగా మిగులుతుంది. రెండింటి మీద సెట్టుతో కొన్నేళ్ళు గడిపిన వ్యక్తి, తరువాత స్థోమత కుదిరి బిగించే పళ్ళు కావాలనుకుంటే, ఎముక అనుకూలిస్తే ఆ ఖాళీల్లో మరికొన్ని చేర్చి పాత రెండింటినీ అలాగే వాడుకోవచ్చు. అలా కుదరాలంటే మొదటి రెండింటిని వేసే రోజునే వాటి స్థానాన్నీ వాలునూ ఆ లెక్కతో నిర్ణయించాలి. కాబట్టి ఇప్పుడు రెండే చాలనుకున్నవారు కూడా, వీటిని తరువాత పెంచుకునేలా వేస్తున్నారా అని శస్త్రచికిత్సకు ముందే అడగవచ్చు.